ఐదు ప్యాకెట్లు తూచి అడగొచ్చా?

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. ఒకే గిన్నె, ఒకే మంట మరి. కానీ చేనుకో తీరున పండే బార్లీ సంగతేంటి? వందేళ్ల కిందట డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీకి ఎదురైన చిక్కు ఇదే. ఏ రకం మేలో తేల్చడానికి నాలుగైదు ప్రయోగాలకు మించి కుదిరేవి కావు. అప్పటి గణాంక సూత్రాలేమో నమూనాలు బోలెడన్ని ఉంటేనే పనిచేసేవి.

1899లో అక్కడ ఉద్యోగంలో చేరిన విలియం సీలీ గాసెట్ దీని అంతు చూడాలనుకున్నాడు. కంప్యూటర్లు లేని రోజులు. 3000 మంది నేరస్థుల ఎత్తులు, ఎడమచేతి మధ్యవేలి పొడవులు అట్టముక్కల మీద రాసి, పేకముక్కల్లా కలిపి, నాలుగేసి చొప్పున విడదీశాడు. అలా వచ్చిన 750 జట్లతో తన సూత్రాన్ని సరిచూసుకున్నాడు! 1908లో ‘బయోమెట్రికా’ పత్రికలో ఆ వ్యాసం వచ్చింది. రచయిత పేరు... ‘స్టూడెంట్’. ఉద్యోగులు సొంత పేరుతో పరిశోధనలు ప్రచురించడానికి కంపెనీ ఒప్పుకోలేదు. అందుకే ఇప్పటికీ అది ‘స్టూడెంట్ టి-టెస్ట్’.

దాంతో మనకేం పని అంటారా? 500 గ్రాములని రాసున్న పప్పు ప్యాకెట్లు ఐదు తూచారనుకోండి. 496, 502, 495, 499, 493 వచ్చాయి. సగటు 497. మూడు గ్రాములు తక్కువ! కంపెనీ మోసం చేసినట్టేనా?

ఆగండి. తూకాలు ఒకదానికొకటి ఎంత ఎడంగా ఉన్నాయో కూడా చూడాలి. సగటుతో ఒక్కోదాని తేడాను వర్గం చేసి కూడితే 50. ఐదులో ఒకటి తగ్గించి నాలుగుతో భాగిస్తే 12.5. దాన్ని ప్యాకెట్ల సంఖ్య ఐదుతో భాగించి వర్గమూలం తీస్తే సుమారు 1.58. తగ్గిన మూడు గ్రాములను దీంతో భాగిస్తే 1.9.

పెద్ద నమూనాల లెక్కలో 1.64 దాటితే చాలు, తప్పు పట్టేయొచ్చు. తూకం సరిగ్గానే ఉండి కూడా కాకతాళీయంగా అంత తేడా రావడం నూటికి ఐదుసార్లకు మించి జరగదు కాబట్టి. కానీ ఐదు ప్యాకెట్లే ఉంటే టి పట్టికలో హద్దు 2.13. మన 1.9 అక్కడిదాకా రాలేదు. అలాగని కంపెనీ నిర్దోషి అనీ కాదు, నేరం రుజువు కాలేదంతే! అదే సగటు, అదే ఎడం పది ప్యాకెట్లలో కనిపిస్తే మాత్రం విలువ 2.68. అప్పుడు హద్దు 1.83కి దిగుతుంది. ఇక నిలదీయొచ్చు... ఆ పదీ ఒకే పెట్టెలోంచి వరసగా తీసినవి కాకపోతే.