ఇద్దరు గురువులు, ఒక బంతియాట

ఎన్ని పందెములు గెలిచిరి, ఎన్ని యోడిరి అని లెక్కించి, వీరధికులు, వారు తక్కువవారు అని తీర్పు చెప్పుట లోకమున పరిపాటి. కాని అమెరికా దేశమందలి రెండు విశ్వవిద్యాలయముల స్త్రీల బాస్కెట్ బాల్ జట్ల చరిత్ర నెరిగిన సోదరీమణులకు ఆ త్రాసొక్కటే చాలదని తోచకమానదు.

ఎత్తున బిగించిన ఇనుప కడియము గుండ బంతిని వేయు ఈ యాట 1891లో ఆ దేశముననే పుట్టినది. మరుసటి యేటనే స్మిత్ కళాశాల విద్యార్థినులు దాని నాడిరి. అయినను స్త్రీల యాటలకు ధనము వెచ్చించుటకు కళాశాలలు చిరకాలము వెనుకాడినవి. ప్రభుత్వ ధనము పొందు విద్యాలయములలో స్త్రీపురుష భేదము చూపరాదని 1972లో శాసనము వచ్చిన పిమ్మట గాని దారి సుగమము కాలేదు.

పొలము పనులు చేయుచు పెరిగిన పాట్ సమ్మిట్ గారు 1974లో, తమ 22వ యేట, టెన్నెసీ విశ్వవిద్యాలయపు జట్టునకు శిక్షకురాలైరి. ఆ తొలి దినములలో బాలికలను బండిలో తామే తీసికొనిపోయిరి. వారి యాటదుస్తులను తామే యుతికిరి. 1976 ఒలింపిక్సులో క్రీడాకారిణిగా రజత పతకమును, 1984లో దేశపు జట్టునకు శిక్షకురాలిగా స్వర్ణమును గడించిరి. 38 యేండ్లలో 1,098 విజయములు, 208 పరాజయములు, 8 జాతీయ ప్రథమస్థానములు ఆమె పేర నున్నవి.

జీనో ఆరియెమా గారు ఇటలీలో పుట్టి, 7వ యేట తల్లిదండ్రులతో అమెరికా చేరినవారు. 1985లో వారు కనెక్టికట్ విశ్వవిద్యాలయపు స్త్రీల జట్టును చేపట్టునాటికి దానికి పేరుప్రతిష్ఠలు లేవు. అట్టి జట్టే 2025 నాటికి 12 మారులు జాతీయ ప్రథమస్థానము నందెను. ఆరు సంవత్సరములు ఒక్క యోటమియు నెరుగకుండ ముగించెను. ఒకప్పుడు వరుసగా 111 పందెములు గెలిచెను!

1995 జనవరిలో ఈ రెండు జట్లు మొదటిమారు తలపడినప్పుడు కనెక్టికట్ గెలిచెను. ఆ వసంతముననే జాతీయ పోటీ తుదియాటలో 70–64 తో మరల గెలిచెను. 1996లో ఉపాంత్య పందెమున టెన్నెసీ బదులు తీర్చుకొనెను. 2007 వరకు జరిగిన 22 పందెములలో కనెక్టికట్ 13, టెన్నెసీ 9 గెలిచినవి. ఈ పోరు చూచుటకై వేలకొలది జనము క్రీడాశాలలకు వచ్చిరి. స్త్రీల యాట దేశమంతట చర్చనీయాంశమయ్యెను. గురువుల నడుమ మాత్రము ఎడము పెరిగెను. తుదకు సమ్మిట్ గారు ఆ పందెములను చాలించిరి.

2011లో ఆమెకు జ్ఞాపకశక్తిని హరించు ఆల్జైమర్ వ్యాధి సోకినట్లు తెలిసెను. దానిని దాచక లోకమునకు చెప్పి, మరియొక సంవత్సరము జట్టును నడిపిరి. ఆ వ్యాధి పరిశోధనకై ఆమె నెలకొల్పిన నిధికి ఆరియెమా గారు 10,000 డాలర్లు పంపిరి. ఇన్నేండ్ల స్పర్థలో పలుకని మాట ఆ కానుక పలికినదని మాకు తోచును. 2016లో, 64వ యేట, ఆమె కన్నుమూసిరి.

ఎవరు గొప్పవారు? అంకెలు చూచినచో ఆరియెమా గారిదే పైచేయి. 2024లో వారు విజయముల మొత్తమునందును తక్కిన శిక్షకుల నందరిని మించిరి. కాని ముండ్లు తీసి బాట వేసినవారిని, ఆ బాటపై వేగముగ నడచినవారిని ఒకే కొలతతో కొలువదగునా? సమ్మిట్ గారి వద్ద పూర్తికాలమాడిన ప్రతి బాలికయు చదువు ముగించి పట్టము పొందెనన్నది పందెముల పట్టికలో కానరాని విజయము.

కావున మన బాలికలు ఆటస్థలమునుండి యింటికి వచ్చినప్పుడు, “గెలిచితివా?” అని మాత్రమే యడుగక, “నేడేమి నేర్చితివమ్మా?” అనియు నడుగుదము. ఎదిరి జట్టు నుండి నేర్చినదానిని గూడ చెప్పనిత్తము.