విడుదలైన తెల్లారి ఏం తిన్నరు? ఆఫ్రికన్ అమెరికన్ల చరిత్ర, మన జీతగాళ్ళ కథ

కరీంనగర్‌ల అమెరికా అనంగనే మనకు వీసా, ఎమ్మెస్, డాలర్ రేటు యాదికొస్తయి. ఈ ఎపిసోడ్‌లో నేను ఇంకో అమెరికా గురించి మాట్లాడుత.

డిగ్రీ చదివేటప్పుడు నా చేతికి ‘ఏడు తరాలు’ వచ్చింది. అలెక్స్ హేలీ 1976లో రాసిన ‘రూట్స్’కు సహవాసి గారి తెలుగు అనువాదం అది. ఆఫ్రికాలోని గాంబియా నుంచి ఎత్తుకుపోయి అమ్మిన ఒక యువకుడితోని మొదలై, ఏడు తరాల దాక నడుస్తది. చదువుడు అయిపోయినంక నా మనసుల ఒకటే ప్రశ్న మిగిలింది. బానిసలకు విడుదల దొరికింది, బాగనే ఉంది. మరి ఆ తెల్లారి వాళ్ళు ఎక్కడ పన్నరు? ఏం తిన్నరు? దీని జవాబు వెతుక్కుంటూ పోతే, అది మా తాత కథ దాక వచ్చింది.

ముందు లెక్క చూద్దాం. 1619లో ఆఫ్రికన్లను వర్జీనియా తీరంల దించిండ్రు. అప్పటినుంచి 1865లో 13వ రాజ్యాంగ సవరణ వచ్చేదాక దాదాపు 250 ఏండ్లు. చాలా దక్షిణాది రాష్ట్రాల్లో బానిసలకు చదువు చెప్పుడు కూడా నేరం. అంతర్యుద్ధం ముగుస్తున్న 1865 జనవరిలో జనరల్ షెర్మన్ ఒక ఉత్తర్వు ఇచ్చిండు. తీరప్రాంతంలోని భూమిని విడుదలైన కుటుంబాలకు 40 ఎకరాల లోపు పంచాలె అని. దాదాపు 40 వేల మంది ఆ భూముల్లో దిగి దున్నుకున్నరు. అదే ఏడు అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ భూమిలో ఎక్కువ భాగం పాత యజమానులకే వాపసు ఇప్పించిండు.

ఇగ మిగిలింది పాలుకు చేసుడు. భూమి దొరది, విత్తనం దొరది, తిండిగింజలు దొర దుకాణంల అప్పు. పత్తి పండినంక లెక్క చూసేది కూడా దొరనే. పంట ఎంత వచ్చినా అప్పు తీరది. తీరకపోతే వచ్చే ఏడు కూడా అక్కడనే ఉండాలె. మెడకు గొలుసు లేదు, కానీ కాలు ఊరు దాటది.

ఇది చదివినప్పుడు నాకు మా తాత కండ్ల ముందట మెదిలిండు. ఆయన చిన్నప్పటినుంచి ఒక దొర దగ్గర జీతం ఉన్నడు. ఇక్కడ జీతం అంటే నెలనెలా బ్యాంకుల పడే పైసలు అనుకునేరు. అప్పు తీసుకుని, అది తీరేదాక వాళ్ళింట్ల పని చేసుడు. పొద్దుగాల పశువుల పెండ తీసుడు నుంచి రాత్రి పొలం కావలి దాక. మా బాపు చెప్తడు: తాతకు చదువు రాదు, కాయితంల ఎంత రాసిండ్రో ఎన్నడూ తెల్వది. అప్పు తెచ్చింది పెండ్లికి, తీర్చింది సగం జిందగీ.

ఇక్కడ కూడా చట్టాలు వచ్చినయి. నిజాం కాలంలనే వెట్టి మీద ఉత్తర్వులు ఉండె. 1976లో కేంద్రం వెట్టిచాకిరి నిర్మూలన చట్టం చేసింది, అట్లాంటి అప్పులన్నీ రద్దు అన్నది. అయినా 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలల రైతుకూలీలు వేలమంది జైత్రయాత్ర తీయాల్సి వచ్చింది. వెట్టి బంద్ కావాలె, కూలి పెరగాలె, దొరలు ఆక్రమించుకున్న భూములు ఇడవాలె అని. కొన్ని వారాల్లోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించిండ్రు. కాయితం మీది చట్టం ఊర్లెకు రావాలంటే మనుషులు నడవాల్సి వచ్చిందన్నమాట.

ఆదిలాబాద్ దిక్కు చూడండి. జోడేఘాట్ గుట్టల్ల కుమ్రం భీం అడిగింది భూమి, అడవి, నీళ్ళ మీద హక్కు. 1940లో ఆయనను చంపినంకనే సర్కారు మేల్కొన్నది. హైమెన్‌డార్ఫ్‌ను పిలిపించి గోండుల స్థితిగతులు తెలుసుకున్నది. తర్వాత పట్టాలు ఇచ్చిండ్రు, మార్లవాయిల గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది. షెడ్యూల్డ్ ఏరియాల భూమి ఆదివాసీలు కానివాళ్ళ చేతికి పోవద్దని 1959లో నిబంధన, 1970లో దానికి గట్టి సవరణ వచ్చింది. మనోళ్ళు వన్ ఆఫ్ సెవెంటీ అనేది దాన్నే. అయినా భూమి కోసం మీటింగ్ పెట్టుకున్న ఆదివాసీల మీద 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిల పోలీసులు కాల్పులు జరిపిండ్రు. చనిపోయింది సర్కారు లెక్కల 13 మంది. అంతకంటే చాలా ఎక్కువ అని అక్కడి జనం ఇప్పటికీ చెప్తరు.

రెండు కథలూ ఒకటే అని నేను అంటలేను. అక్కడ మనిషిని అంగట్ల అమ్మిండ్రు, రంగును చూసి వేరు చేసిండ్రు. ఇక్కడ పుట్టిన కులం, తెగ పేరు మీద జరిగింది. ఓటు సంగతి కూడా వేరే. అక్కడ 1870లోనే 15వ సవరణ ఓటు హక్కు ఇచ్చింది. కానీ చదువు పరీక్షలు, పన్నులు పెట్టి దక్షిణాదిలో అడ్డుకున్నరు. అవి తొలగాలంటే 1965 ఓటింగ్ హక్కుల చట్టం దాక, అంటే 95 ఏండ్లు ఆగాల్సి వచ్చింది. మనకు 1951–52 మొదటి ఎన్నికల్లోనే దొరకూ జీతగానికీ ఒక్కొక్క ఓటు. అంబేద్కర్‌కు ఈ రెండు బాధల పోలిక బాగా తెలుసు. 1946లో ఆయన అమెరికాలోని నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాసిండు, ఆయన జవాబు కూడా ఇచ్చిండు.

ఈ చదువు నాకు ఇచ్చింది ఒక అలవాటు. హక్కు వచ్చింది అని ఎవరన్నా చెప్తే మూడు ప్రశ్నలు అడుగుత. భూమి ఎవరి పేరు మీద ఉంది? అప్పు లెక్క ఎవరు రాస్తున్నరు? ఆ లెక్క చదివే చదువు ఎవరికి ఉంది? మాంట్‌గోమరీల నల్లవాళ్ళు 381 రోజులు బస్సెక్కకుండ నడిచింది సీటు కోసమే అని చదువుకున్నం. ఆ సీటు వెనక ఈ మూడు ప్రశ్నలు కూడా ఉన్నయి.

మీ చేతుల ఫోన్ ఉంది కదా. మీ ఇంట్ల తాత, బాపమ్మ, అమ్మమ్మ ఉంటే ఈ ఆదివారం వాళ్ళ పక్కన కూసోండ్రి, రికార్డర్ ఆన్ చేయండ్రి. “నువ్వు ఎవరి దగ్గర పని చేసినవ్? అప్పు ఎంత ఉండె? ఎట్ల తీరింది?” అని అడగండ్రి. అలెక్స్ హేలీ కూడా వాళ్ళ అమ్మమ్మ అరుగు మీద చెప్పిన మాటల నుంచే మొదలుపెట్టిండు. మా తాత గొంతు నా దగ్గర లేదు, ఆయన పోయినప్పుడు నేను చిన్నోన్ని. మీ వాళ్ళ గొంతు మీ దగ్గర ఉండనీయండ్రి.