వంటలక్కని డాక్టర్‌బాబుతో కలిపేదెప్పుడు?

సాయంత్రం ఏడున్నర. పొయ్యి మీద కుక్కర్ రెండో విజిల్ వేసింది. మూడోది వచ్చేదాకా ఆగే ఓపిక లేదు. మంట తగ్గించి, చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ హాల్లోకి ఒకటే పరుగు. అప్పటికే టీవీలో దీప కళ్లనిండా నీళ్లు. ఎదురుగా కార్తీక్. నిన్నటి ప్రోమోలో అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు మరి! ఈ రోజైనా నిజం తెలుస్తుందా? ఇద్దరూ కలుస్తారా?

తీరా చూస్తే... అది కల. కార్తీక్ ఉలిక్కిపడి లేచాడు. ప్రకటనలు మొదలయ్యాయి.

‘‘ఛీ, రేపట్నుంచి చూడను’’ అంటూ ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోతుంది. ‘చూడను’ అన్న మాట మర్నాడు సాయంత్రం ఏడు ఇరవై ఎనిమిది దాకా మాత్రమే చెల్లుతుంది. ఆ సంగతి ఇంట్లోవాళ్లకీ తెలుసు, ఆవిడకీ తెలుసు.

‘కార్తీకదీపం’ 2017 అక్టోబరు 16న స్టార్ మాలో మొదలై 2023 జనవరి 23న ముగిసింది. మొత్తం 1,569 ఎపిసోడ్లు. కాపుగంటి రాజేంద్ర దర్శకత్వంలో వచ్చిన ఈ సీరియల్ ఏళ్ల తరబడి రేటింగుల్లో మొదటి స్థానాన్ని వదల్లేదు. ప్రేమి విశ్వనాథ్‌ని ప్రేమి అని పిలిచినవాళ్లకంటే వంటలక్క అన్నవాళ్లే ఎక్కువ. నిరుపమ్ పరిటాల ఊరందరికీ డాక్టర్‌బాబు అయిపోయాడు. 2020 ఐపీఎల్ మ్యాచ్‌లు సరిగ్గా రాత్రి ఏడున్నరకే మొదలవడంతో రిమోట్ కోసం ఇంటింటా జరిగిన యుద్ధాలు వేరే కథ!

అనుమానంతో మొదలైన ప్రేమ

నల్లగా ఉందని చిన్నచూపుకు గురైన అమ్మాయి దీప. ఆమె గుణం చూసి ప్రేమించి పెళ్లాడాడు డాక్టర్ కార్తీక్. అతన్ని కోరుకున్న స్నేహితురాలు మోనిత కూడా డాక్టరే. కార్తీక్‌కి పిల్లలు పుట్టే అవకాశమే లేదని నమ్మించింది. ఇంకేముంది... దీప గర్భవతి అనగానే భర్త కళ్లలో అనుమానం. నిండు చూలాలు ఇల్లు వదిలింది. కవలల్లో సౌర్య తల్లి దగ్గర పెరిగితే, హిమ అత్తగారు సౌందర్య చేతుల మీదుగా తండ్రి ఇంటికే చేరింది. దీప నాలుగిళ్లకు వంట చేసి బతికింది. అలా వంటలక్క అయింది.

ఈ కథ తెలుగువాళ్లకే సొంతం కాదు. మలయాళంలో ఏషియానెట్‌లో వచ్చిన ‘కరుత్తముత్తు’ దీనికి మూలం. అక్కడ కథానాయికగా మొదలుపెట్టిందీ ప్రేమి విశ్వనాథే. తమిళంలో ‘భారతి కన్నమ్మ’, మరాఠీలో ‘రంగ్ మాఝా వేగళా’... ఏ భాషలో చూసినా ఆ భర్తకు అనుమానం తీరదు, చూసేవాళ్లకు ఆత్రం ఆగదు.

‘‘అంత పెద్ద డాక్టరువి కదా, ఒక్క డీఎన్ఏ పరీక్ష చేయించుకోలేవా?’’ ఎన్ని వేలసార్లు ఈ ప్రశ్న టీవీ తెరను తాకి వెనక్కి వచ్చిందో! నవ్వులాటగా పుట్టిన ఆ మాటలో నిజంగానే కడుపుమంట ఉంది. పరీక్ష చేయిస్తే తేలిపోయే అనుమానానికి ఒక ఆడది ఏళ్లకేళ్లు శిక్ష అనుభవించింది. అలాంటివాళ్లు మన వీధిలోనూ ఉంటారు, వాళ్ల దగ్గర కెమెరా ఉండదంతే.

అందుకే ఈ జంటను కలపమని అడగడంలో కూడా అభిమానులు రెండుగా చీలారు. ‘పిల్లల కోసమైనా కలిసిపోవాలి’ అనేది ఒక వర్గం. ‘అంత తేలిగ్గానా? కాళ్లావేళ్లా పడాలి, అప్పుడు చూద్దాం’ అనేది రెండో వర్గం. చిత్రమేంటంటే, చాలా ఇళ్లలో ఈ రెండు వర్గాలూ ఒకే మనిషిలో ఉండేవి. సోమవారం కలపమంటుంది. మంగళవారం కార్తీక్ ఒక్క మాట తూలితే చాలు, ‘వీడికి దీప దక్కకూడదు’ అని శపిస్తుంది.

కలిస్తే కథేం కావాలి?

సరిగ్గా ఇక్కడే వచ్చింది చిక్కు. ఒకప్పుడు వారపత్రికల్లో సీరియల్ నవల చదివిన పాఠకురాలు కూడా నాయికా నాయకులు కలవాలనే ఎదురుచూసేది. కానీ ఆ నవలకు ఆఖరి వారం ఉండేది. టీవీ సీరియల్‌కి అది ఎప్పుడో రాసేవాళ్లకే తెలియదు. వారం వారం రేటింగులు వస్తాయి. వాటిని చూసి ఒక ట్రాక్ పెరుగుతుంది, ఇంకొకటి తెగిపోతుంది. జంట విడిగా ఉన్నంతకాలం జనం చూస్తారు. కలిసి కాఫీ తాగుతుంటే ఎవరు చూస్తారన్నది టీవీవాళ్ల భయం. అందుకే నిజం బయటపడి భార్యాభర్తలు దగ్గరయ్యారో లేదో, కార్తీక్ బిడ్డకు తల్లిని కాబోతున్నానంటూ మోనిత వచ్చి నిలబడింది! శోభాశెట్టి ఆ పాత్రను ఎంత బాగా చేసిందంటే, తిట్టుకుంటూనే ఆమె కోసం ఎదురుచూశారు జనం.

2022 మార్చిలో మాత్రం పెద్ద దెబ్బే తగిలింది. కారు ప్రమాదంలో కార్తీక్, దీప చనిపోయినట్టు చూపించారు. కథ ఏళ్లు ముందుకు దూకింది. సౌర్య పెద్దదై జ్వాల అన్న పేరుతో ఆటో నడుపుతోంది. హిమ డాక్టరైంది. ఇద్దరి మధ్యా ఒకే అబ్బాయి. అతనూ డాక్టరే. పైగా ఆ పాత్ర పేరు నిరుపమ్! పాత హీరోను కథలోంచి పంపేసి, ఆ నటుడి పేరు కొత్త హీరోకి పెట్టడం అభిమానులకు ఊరడింపో, పుండు మీద కారమో తేల్చుకోవడం కష్టం.

లెక్క ప్రకారం అన్నీ ఉన్నాయి. యువ జంట, ముక్కోణపు ప్రేమ, అక్కాచెల్లెళ్ల త్యాగాలు. కానీ జనం మొహం చాటేశారు. రేటింగులు పడిపోయాయి. ప్రేమకథ కావాలని ఇన్నాళ్లూ గొడవ చేసినవాళ్లకు ప్రేమకథే పెడితే ఎందుకు నచ్చలేదు?

వాళ్లడిగింది ఏదో ఒక ప్రేమ కాదు. ఒక మనిషికి జరిగిన అన్యాయానికి తీర్పు. దీప తప్పు చేయలేదని కార్తీక్ నోటితో వినడానికి వాళ్లు నాలుగేళ్లు కూర్చున్నారు. విన్నాక ఆమె నాలుగు రోజులు సుఖంగా బతకడం చూడాలనుకున్నారు. ఆ నాలుగు రోజులూ ఇవ్వకుండానే ఫొటోకి దండ వేసేశారు. ఆ బాకీ తీరకుండా, సౌర్యకి పెళ్లా హిమకి పెళ్లా అనడిగితే ఎవరు పట్టించుకుంటారు?

ఆ కోపం వృథా పోలేదు. అదే ఏడాది ఆగస్టులో దీప కళ్లు తెరిచింది. కార్తీక్ కూడా బతికే ఉన్నాడు. అక్కాచెల్లెళ్ల ప్రేమ పక్కకుపోయింది. ‘వంటలక్క వచ్చేసింది’ అని పండగ చేసుకున్నారు. కానీ రాసేవాళ్లు ఊరుకుంటారా? కార్తీక్‌కి గతం గుర్తులేదు. అతని భార్యనంటూ పక్కన మోనిత. ‘మళ్లీ మొదటికే వచ్చిందే’ అని తలలు పట్టుకున్నవాళ్లే 2023 జనవరి దాకా కదలకుండా చూశారు.

2024 మార్చి 25న ‘కార్తీకదీపం 2’ మొదలైంది. అదే దర్శకుడు, అదే జంట. కథ మాత్రం పూర్తిగా వేరు. ఇందులో దీపకి నరసింహ అనే భర్త ఉన్నాడు, సౌర్య అనే కూతురుంది. కార్తీక్‌ని పెళ్లాడాలని ఆశపడుతున్న మరదలు జ్యోత్స్న ఉంది. అంటే మొదటి రోజుకి దీపా కార్తీకూ ఒకరికొకరు ఏమీ కారు. పాత అభిమానికి ఇది మింగుడుపడని విషయం. తెర మీద వాళ్లు పరాయివాళ్లైనా ఆవిడ లెక్కలో ఎప్పుడో మొగుడూ పెళ్లాలు. జ్యోత్స్న బావా అని పిలిచినప్పుడల్లా ‘అతనికి పెళ్లయిందమ్మా’ అని ఇక్కడినుంచే జవాబు చెబుతుంది.

తర్వాత ఆ కథలోనూ కార్తీక్ దీప మెడలో తాళి కట్టాడు. ఆ రోజు కుక్కర్ ఎన్ని విజిళ్లు వేసిందో ఎవరూ లెక్కపెట్టలేదు.