డిలీట్ చేసినా చోటు ఎందుకు మిగల్లేదు?

అమ్మ చిన్న లాప్‌టాప్ నిండిపోయిందని పాత వీడియోలన్నీ డిలీట్ చేశావు. అయినా ఖాళీ పెరగలేదు! ఎందుకంటావ్?

ఇల్లంతా ఊడ్చి, చెత్తను వంటింటి మూల బుట్టలో వేశావనుకో. గది శుభ్రమైంది గానీ చెత్త ఇంకా ఇంట్లోనే ఉందిగా! డిలీట్ చేసిన ఫైలూ అంతే, రీసైకిల్ బిన్‌లో కూర్చుంటుంది. పొరపాటున పారేస్తే వెనక్కి తెచ్చుకోవడానికే ఆ ఏర్పాటు. ఆ బుట్ట ఖాళీ చేస్తేనే చోటు మిగులుతుంది. ముందు ఒకసారి లోపలికి తొంగిచూడు, తాతయ్య ఫొటో ఏదైనా పడి ఉండొచ్చు.

మరి అదీ చాలకపోతే? కొన్ని తేలికపాటి లాప్‌టాప్‌లలో ఉండేదే 64 జీబీ. విండోస్ 11కి కనీసం అంత ఉండాలి, అందులో పెద్ద వాటా దానికే పోతుంది. మందం తగ్గడానికి ఆ నిల్వ చిప్పును లోపలి బోర్డుకే టంకం వేసి అతికించేస్తారు. విప్పి పెద్దది పెట్టడం ఇంట్లో అయ్యే పని కాదు.

గది పెంచలేనప్పుడు మనం ఏం చేస్తాం? అటక వాడతాం! లాప్‌టాప్ పక్కన సన్నటి గాడి ఉందేమో చూడు. అందులో పట్టే వేలిగోరంత మైక్రో ఎస్‌డీ కార్డే మన అటక. అటక మీంచి గంగాళం దించడానికి టైం పట్టినట్టే, కార్డూ కాస్త నెమ్మది. అందుకే రోజూ వాడే ప్రోగ్రాములు లోపలే ఉంచి, పెళ్లి వీడియోలను అటకెక్కించు.