ఛాతీని తెరవకుండా శస్త్రచికిత్స

సైకిలు పంపు పిడిని వెనుకకు లాగితే గొట్టంలోనికి గాలి ప్రవేశిస్తుంది. మన ఊపిరితిత్తులలోనికి గాలి వచ్చే విధానమూ ఇటువంటిదే. పక్కటెముకలు పైకి లేచి, విభాజక పటలం కిందికి దిగగానే ఛాతీ విశాలమవుతుంది. ఊపిరితిత్తిని కప్పిన పొరకూ, ఛాతీ గోడకు అంటిన పొరకూ నడుమ ఒక సన్నని సందు ఉన్నది. అందులోని పీడనం బయటి వాతావరణ పీడనం కన్న తక్కువ. ఊపిరితిత్తి విప్పారి ఉండడానికి కారణం ఈ తేడాయే. ఛాతీకి రంధ్రం పడితే బయటి గాలి ఆ సందులో చొరబడి, ఊపిరితిత్తి ముడుచుకొనిపోతుంది.

కడుపు కోయడం నేర్చిన వైద్యులు సైతం చిరకాలం ఛాతీ జోలికి పోలేకపోయినది ఇందుచేతనే. 1904లో జర్మను వైద్యుడు సౌయర్‌బ్రూఖ్ ఒక వింత ఉపాయం చేశాడు. రోగి తలను బయట ఉంచి, మొండెమును తక్కువ పీడనం గల గదిలో ఉంచి, వైద్యుడు ఆ గదిలోనే నిలిచి శస్త్రచికిత్స చేసేవాడు! శ్వాసనాళంలోనికి గొట్టం దింపి గాలిని నెట్టే పద్ధతి వచ్చిన తరువాత ఆ గదితో పని లేకపోయినది.

1910లో స్టాక్‌హోము వైద్యుడు యాకొబేయస్ మూత్రాశయమును పరీక్షించే దర్శినిని చిన్న రంధ్రం గుండా ఛాతీలోనికి చొప్పించి చూశాడు. క్షయరోగులకు అప్పట్లో ఛాతీలోనికి గాలి ఎక్కించి, ఊపిరితిత్తిని ముడిచి విశ్రాంతి ఇచ్చేవారు. పొరలు అతుక్కొని ఉంటే అది ముడుచుకోదు. ఆ అతుకులను కంటితో చూస్తూ కాల్చి తెంపడానికి ఈ పద్ధతి ఉపకరించినది. క్షయకు మందులు వచ్చాక ఇది మరుగున పడి, చిన్న వీడియో కెమెరాల మూలంగా 1990 ప్రాంతంలో తిరిగి వెలుగులోనికి వచ్చినది.

పాత పద్ధతిలో పక్కటెముకలను ఉక్కు సాధనంతో ఎడము చేయవలసి వస్తుంది. ప్రతి పక్కటెముక కింది అంచున రక్తనాళములతోపాటు ఒక నరం పోతుంది. అది నలిగితే కొందరికి నెలల తరబడి నొప్పి తగ్గదు. నొప్పి వలన రోగి గట్టిగా దగ్గడు, నిండుగా ఊపిరి పీల్చడు. కఫం నిలిచి న్యుమోనియా రావచ్చు. మచ్చ పొడవు గురించే చాలమంది మాట్లాడుతారుగాని, అసలు విషయం ఈ దగ్గు.

కొత్త పద్ధతిలో ఎముకల నడుమ కొద్దిపాటి రంధ్రములు చాలును. మత్తు వైద్యుడు రెండు మార్గములు గల గొట్టమును శ్వాసనాళంలో దింపి, ఒక ఊపిరితిత్తికే గాలి పంపుతాడు. రెండవది ముడుచుకొని చోటు ఇస్తుంది. ఒకనాటి గండమే ఇక్కడ సదుపాయమైనది! కడుపులోవలె వాయువు నింపి ఉబ్బించడం తప్పనిసరి కాదు. ఎముకల గూడే పైకప్పుగా నిలుస్తుంది. కోసిన భాగమును సంచిలో వేసి బయటికి లాగుతారు.

ఐతే పొడవైన పనిముట్టు రంధ్రం వద్ద తులాదండంవలె తిరుగుతుంది. చేయి కుడికి పోతే మొన ఎడమకు పోతుంది. దానికి మణికట్టు లేదు. ఈ లోపమును తీర్చడానికి వచ్చినదే రోబో. 2000లో అమెరికాలో అనుమతి పొందిన డా విన్సీ యంత్రం ఇటువంటిది. యంత్రమే కోస్తుందని భ్రమపడరాదు. వైద్యుడు కొంత దూరంలో కూర్చుండి పిడులను కదిలిస్తాడు. యంత్రం చేతి వణుకును వడకట్టి, ఆ కదలికను చిన్నదిగా చేసి లోపలి మొనకు అందిస్తుంది. కాని ఇటీవలి నమూనాలను మినహాయిస్తే, కణజాలం ఎంత బిగువుగా లాగబడుతున్నదో చేతికి తెలియదు. కంటితోనే అంచనా కట్టవలెను. పుపుస ధమని గోడ చాల పలుచన. అది చిరిగితే గుడ్డతో అదిమిపట్టి, అవసరమైతే వెంటనే ఛాతీని తెరవవలసినదే. అందుచేత పాత విద్య రానివానికి కొత్త యంత్రం అప్పగించరాదు.

బ్రిటనులో ఊపిరితిత్తి కాన్సరుకు శస్త్రచికిత్స పొందిన 503 మందిపై జరిగిన పరిశోధన 2022లో వెలువడినది. ఐదు వారముల తరువాత వీడియో పద్ధతివారే పనిపాటలలో మెరుగుగా ఉన్నారు. వీడియో కన్న రోబో ఎంత మేలన్నది ఇంత స్పష్టంగా తేలలేదు. ఖర్చు మాత్రం హెచ్చు.

ఏ పద్ధతిలోనైనా చివరకు ఛాతీలో ఒక గొట్టం ఉంచి, దాని రెండవ కొనను సీసాలోని నీటిలో ముంచుతారు. లోపలి గాలి బుడగలుగా బయటికి పోగలదుగాని, నీరు అడ్డుండుటచేత బయటి గాలి లోనికి రాలేదు. దగ్గినప్పుడు కూడ బుడగలు రావడం మానితే ఊపిరితిత్తి గాయం పూడినదన్నమాట. అప్పుడు గొట్టమును తీసివేస్తారు.