సన్నాయి విద్వాంసుని జీవితచిత్రము

కథాచిత్రమున నటులు వేషములు ధరించి కల్పితమును నిజమువలె చూపుదురు. డాక్యుమెంటరీ చిత్రమున నిజముగా జీవించిన మనుష్యుడే మన యెదుట నిలుచును. కావున దానిని చూచు పద్ధతియు వేరు.

షెహనాయి విద్వాంసుడగు ఉస్తాద్ బిస్మిల్లాఖానును గూర్చి గౌతమ్ ఘోష్ 1989లో ఇట్టి చిత్రము నొకదానిని తీసెను. అప్పటికి ఖాను డెబ్బదియేండ్లు దాటిన వృద్ధుడు. ఆయన మాటలును, వాదనమును, ఆయన ప్రాణముతో సమానముగా ప్రేమించిన వారణాసి నగరమును అందు కానవచ్చును.

షెహనాయి మన సన్నాయికి చుట్టము. కొయ్యగొట్టము, పైకొనను పీక, క్రిందికొనను గరాటువంటి లోహపు మూతి; ఇంతియే దాని రూపము. దానికి మీటలు లేవు. స్వరముల నడుమనుండు సూక్ష్మభేదములను వ్రేళ్ల కదలికచేతను, పెదవుల బిగువుచేతను, ఊపిరిచేతను పలికింపవలెను. పెండ్లిండ్లయందును దేవాలయముల వాకిళ్లయందును మ్రోగుచుండిన ఈ వాద్యమునకు కచేరీ వేదికపై పీట వేయించిన కీర్తి విశేషముగా ఖానుదే.

ఆయన 1916లో బీహారునందలి డుమ్రావ్‌లో జన్మించెను. బాల్యముననే వారణాసి చేరి, మేనమామయగు అలీబక్షు వద్ద విద్య నేర్చెను. గంగయొడ్డున నున్న బాలాజీ మందిరమున ఏండ్ల తరబడి సాధన చేసెను. ఐదుపూటల నమాజు చేయు ఆ ముస్లిము విద్వాంసునకు సంగీతమును సరస్వతీ ప్రసాదమే. 1950 జనవరి 26న, దేశము గణతంత్రమైన దినమున, ఎర్రకోటలో ఆయన షెహనాయి మ్రోగెను. 2001లో భారతరత్న బిరుదము లభించెను. 2006లో ఆయన కన్నుమూసెను.

బాలబాలికలారా! ఇచట నొక విషయము గమనింపుడు. కెమెరా ఆయన యొద్దకు వచ్చునప్పటికి విద్య పండియున్నది. తెరపై మనము చూచునది పండును మాత్రమే. వ్రేళ్లు తడబడిన దినములను, శ్రుతి తప్పి మరల మొదలిడిన ఉదయములను ఏ కెమెరాయు చూడలేదు. వానిని ఆ వృద్ధుని జ్ఞాపకములనుండి మనమే ఊహించుకొనవలెను.

కావున ఇట్టి చిత్రమును చూచునపుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు. కెమెరా స్వయముగా చూచిన దేది? జ్ఞాపకముగా చెప్పబడిన దేది? దర్శకుడు ఏరి కూర్చిన దేది? ఈ వివేకముతో చూచినవానికి కీర్తి వెనుకనున్న సాధన కనబడును. సాధన కనబడినవాడు చప్పట్లు కొట్టి ఊరకుండడు. మరునాటి ఉదయమున తన పలకయో, పుస్తకమో, వాద్యమో చేతబట్టును.