రంగు కింది పగులు

పదిహేను అంగుళాల చక్రానికి 185/70 టైరు తొడిగితే, అది ఒక్క చుట్టు తిరిగేసరికి కారు సుమారు రెండు మీటర్లు సాగుతుంది. కిలోమీటరుకు 500 చుట్లు. లక్ష కిలోమీటర్లు నడిచిన కారులో ఆ చక్రం 5 కోట్ల సార్లు తిరిగి ఉంటుంది. తిరిగిన ప్రతిసారీ కారు బరువు ఒక ఆకు మీది నుంచి పక్క ఆకు మీదికి మారుతూ పోతుంది. అంటే ప్రతి ఆకూ కంటికి కనిపించనంత కొద్దిగా, కోట్ల సార్లు వంగి లేచిందన్నమాట. 1970ల నాటి పోర్షే 911కు పాత చక్రాలు కొనుక్కునే మనిషి చేతికి వచ్చేది ఇంత చాకిరీ చేసిన లోహం. పైకి మాత్రం కొత్త రంగు, అద్దంలాంటి మెరుపు.

బండి చక్రం పుల్లల్ని తెలుగులో ఆకులనే అంటాం. ఆ మాట ఫుక్స్ చక్రానికి అతికినట్టు సరిపోతుంది. జర్మనీలోని మైనర్ట్స్‌హాగెన్ పట్టణంలో ఉన్న ఓటో ఫుక్స్ కర్మాగారం 1966లో పోర్షే 911ఎస్ కోసం ఈ అయిదాకుల చక్రాన్ని తెచ్చింది. అప్పట్లో చాలా అల్యూమినియం చక్రాలను అచ్చులో పోత పోసేవారు. దీన్ని మాత్రం ఫోర్జింగ్ చేశారు, అంటే వేడిచేసిన లోహపు దిమ్మను భారీ ప్రెస్సుల కింద ఒత్తి రూపం తెచ్చారు. పోతలో ఉండిపోయే గాలి బుడగలకు ఇందులో చోటు లేదు. తొలి చక్రం వెడల్పు నాలుగున్నర అంగుళాలే. 1973 నాటి కరేరా ఆర్‌ఎస్ 2.7 వచ్చేసరికి ముందు ఆరు, వెనక ఏడు అంగుళాలయింది. ఇవాళ అసలైన పాత ఫుక్స్ చక్రాలకు గిరాకీ బాగా ఉంది. దెబ్బతిన్న చక్రాన్ని పారేయకుండా ముస్తాబు చేసి అమ్మడానికి ఆ గిరాకీయే కారణం.

లోహం అలసిపోతుందన్న సంగతిని మనుషులు చాలా ప్రాణాలు పోగొట్టుకుని తెలుసుకున్నారు. 1842 మేలో ఫ్రాన్సులోని వెర్సాయ్ దగ్గర ఒక రైలింజను ఇరుసు విరిగి ఘోర ప్రమాదం జరిగింది. మోయగలిగిన బరువునే మోస్తున్న ఇరుసు ఎందుకు విరుగుతుందన్న ప్రశ్న ఇంజనీర్లను దశాబ్దాల పాటు వేధించింది. ఆ తర్వాత జర్మన్ ఇంజనీరు ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసుల మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. ఒక్కసారిగా విరగ్గొట్టలేని చిన్న బరువు కూడా లక్షల సార్లు పడితే విరగ్గొడుతుందని చూపించాడు. ఉక్కుకు ఒక ఊరట ఉంది: ఒత్తిడి ఒక హద్దు లోపల ఉన్నంతకాలం ఎన్నిసార్లు వంగినా తట్టుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన హద్దు లేదు. ప్రతి చుట్టూ దాని ఆయుష్షులోంచి కొంత తీసుకుంటుంది.

పగులు మొదలయ్యే చోట్లు దాదాపు తెలిసినవే. నట్టు కూర్చునే గుంట చుట్టూ, ఆకు వెనకవైపు మూలల్లో, గాలి ఎక్కించే వాల్వు రంధ్రం దగ్గర, అన్నిటికంటే ఎక్కువగా రిమ్ము లోపలి అంచున. ఆ అంచు కారు కడుపు వైపు ఉంటుంది కనుక యజమానికి ఏళ్ల తరబడి కనబడదు. గోతిలో పడినప్పుడు వంగేదీ అదే. వంగితే స్టీరింగ్ వణుకుతుంది. మెకానిక్ నాలుగు బ్యాలెన్సింగ్ వెయిట్లు అతికిస్తే ఆ వణుకు చాలావరకు సద్దుమణుగుతుంది. అందుకే పాత చక్రంలో ఒకేచోట గుత్తులుగా అతికిన వెయిట్లు కనిపిస్తే అనుమానించాలి.

వంకర తీయడం తప్పు కాదు. సైకిలు షాపులో చక్రాన్ని స్టాండుకెక్కించి తిప్పుతూ వంకర పట్టుకున్నట్టే, ఇక్కడ డయల్ గేజ్ పెట్టి మిల్లీమీటరులో నూరో వంతు తేడాను కూడా పట్టుకుంటారు. చిక్కంతా వెల్డింగుతోనే. ఫోర్జింగ్ చేసిన అల్యూమినియానికి బలం వచ్చేది తయారీలో కొలత ప్రకారం జరిగే వేడి చికిత్స వల్ల. పగులు మీద వెల్డింగు పెడితే అతుకు గట్టిగానే ఉండొచ్చు గాని, దాని పక్కనున్న లోహం ఆ చికిత్స కోల్పోయి మెత్తబడుతుంది. తర్వాతి పగులు సరిగ్గా అక్కడే పుడుతుంది. వెడల్పు పెంచడం కోసం రిమ్మును కోసి, పట్టీ అతికి, సాపు చేసిన చక్రాలు కూడా సంతలో తిరుగుతుంటాయి. వాటిని వేగంగా నడిపే కారుకు బిగించకూడదు. దీనిలో బేరమేమీ లేదు.

కొత్త రంగు ఇవన్నీ కప్పేస్తుంది. పౌడర్ కోటింగ్ పొర మందంగా ఉంటుంది కనుక వెంట్రుకవాసి పగులును పూర్తిగా నింపేస్తుంది. పైగా ఆ పొరను దాదాపు 200 డిగ్రీల పొయ్యిలో కాల్చాలి. ఆ వేడి మళ్లీ మళ్లీ, ఎక్కువసేపు తగిలితే లోహం బలమూ తగ్గవచ్చు. మెరుగు పెట్టడంలో మరో నష్టం ఉంది. ఫుక్స్ చక్రం మీద కర్మాగారంలో వేసిన ఆనోడైజింగ్ పొర గట్టిది, తుప్పును ఆపుతుంది. అద్దంలా మెరవాలని దాన్ని గీకేస్తే ఆ రక్షణ పోతుంది. నలుగురు యజమానులు నాలుగుసార్లు గీకించిన చక్రానికి అంచులు పలచబడి, వెనక వేసిన తేదీ ముద్రలు కూడా అరిగిపోతాయి. దుమ్ము, బ్రేకు మసి పట్టిన అసలు చక్రం దొరికితే కొనేవాడు సంతోషించాలి. దాని గాయాలు కనబడుతూనే ఉంటాయి.

కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూడడం మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే బీటలు వారినట్టు. రైల్వే స్టేషన్లలో సిబ్బంది పొడవాటి సుత్తితో పెట్టెల చక్రాల్ని కొట్టి వినడమూ ఆ పద్ధతే. టైరు ఊడదీసిన చక్రాన్ని చెక్క సుత్తితో తట్టి చూడవచ్చు గాని, మంచిగా పలికినంత మాత్రాన నమ్మడానికి లేదు. చిన్న పగులు శబ్దాన్ని మార్చదు. నమ్మదగింది ఎర్రరంగు పరీక్ష. చక్రాన్ని శుభ్రం చేసి పల్చటి ఎర్ర ద్రవం పూస్తారు. పది నుంచి ముప్పై నిమిషాలు ఆగితే అది పగుళ్లలోకి దిగుతుంది. పైది తుడిచేసి తెల్లటి పొడి చల్లితే, పగులున్న చోట ఎర్రటి గీత నెత్తురులా పైకి ఉబికి వస్తుంది. ఖర్చు తక్కువ, ఫలితం కళ్లముందే.

ఇందులో వరస ముఖ్యం. చాలామంది ముందు ఇసుకతో కొట్టించి, తర్వాత పరీక్షకు పంపుతారు. ఇసుక దెబ్బలకు మెత్తటి అల్యూమినియం పాకి పగులు నోరు మూసుకుంటుంది. లోపలికి దిగే దారి లేక ఎర్రరంగు పైపైనే ఉండిపోతుంది, చెడిన చక్రం పరీక్ష గట్టెక్కుతుంది. పాత రంగును రసాయనంతో కరిగించి, వెంటనే పరీక్ష చేయించి, ఆ తర్వాతే మిగతా పనులు పెట్టుకోవాలి.

మెగ్నీషియం చక్రాల సంగతి వేరు, వాటి విషయంలో మరింత భయం అవసరం. 1966లో వచ్చిన లంబోర్గిని మియురా చక్రాలను పోత పోసింది సైకిలు భాగాలతో పేరు తెచ్చుకున్న ఇటలీ సంస్థ కంపాన్యోలో. అల్యూమినియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములైతే మెగ్నీషియానిది 1.74 మాత్రమే. ఆ తేలికదనం కోసమే దాన్ని ఎంచుకున్నారు. అయితే తేమ తగిలి, పక్కన ఉక్కు ఉంటే మెగ్నీషియం తనను తానే తినేసుకుంటుంది. రంగు కింద బొబ్బలు లేచి, గోటితో గీస్తే తెల్లటి పొడి రాలుతుంది. ఇది పోత గనక లోపలి బుడగలూ ఉంటాయి, వాటికి ఎక్స్‌రే తీయించాల్సిందే. పోటీల్లో పరుగెత్తిన కార్ల మెగ్నీషియం చక్రాలను ఎంత అందంగా ఉన్నా రోడ్డెక్కించకపోవడమే మంచిది.

1961లో జెనీవాలో జనం ముందుకొచ్చిన జాగ్వార్ ఇ-టైప్‌కు 72 చువ్వల చక్రాలు. వీటికి రోగం చువ్వలో కంటే మధ్యన ఉన్న పళ్లలో ఎక్కువ. కారు బలమంతా ఇరుసు పళ్లనుంచి చక్రం పళ్లకు అందుతుంది. మంచి పంటి కొన చదునుగా ఉంటుంది, అరిగింది రంపపు పన్నులా సూదిగా తేలుతుంది. బయల్దేరినప్పుడో బ్రేకు వేసినప్పుడో ‘టక్’మన్న చప్పుడు వినబడితే చక్రం ఊడదీసి పళ్లు చూడాలి. క్రోమ్ మెరుపు వాటి అరుగుదలను బాగు చేయదు.

మంచి చక్రాన్ని కూడా తప్పుడు నట్టు పాడుచేస్తుంది. ఫుక్స్ చక్రంలో నట్టు కూర్చునే గుంట బంతి ఆకారంలో ఉంటుంది. గరాటు ఆకారపు నట్టు బిగిస్తే అది సన్నటి గీత మీదే ఆనుతుంది, అక్కడినుంచే పగులు పుడుతుంది. పాత 911కు చెప్పిన బిగింపు 130 న్యూటన్ మీటర్లు. దాన్ని టార్క్ రెంచితో కొలవాలి గాని చేతి బలంతో కాదు.

పరీక్షలో ఓడిన చక్రాన్ని చాలామంది గోడ గడియారంగానో, గాజు పలక పెట్టి బల్లగానో మార్చుకుంటారు. అలా మార్చేముందు ఒక ఆకును రంపంతో అడ్డంగా కోయడం, కనీసం నట్టు గుంటల్ని డ్రిల్లుతో చెడగొట్టడం అవసరం. లేకపోతే ఆ ఇల్లు ఖాళీ చేసిన రోజున అదే చక్రం మరో చేతికి వెళ్లి, కొత్త రంగు పూసుకుని మళ్లీ సంతకొస్తుంది.